పీకిన పంటి మీద రూట్ కెనాల్ ప్రిపరేషన్: లెంగ్త్ పోగొట్టుకోకుండా స్టెప్‌బ్యాక్ ఎలా చేయాలి

"సార్, 35 నంబర్ ఫైల్ వరకు బాగానే వెళ్లింది. ఇప్పుడు 25 పెట్టినా రెండు మిల్లీమీటర్లు ముందే ఆగిపోతోంది. ఏం చేయాలి?"

ఏ బ్యాచ్ వచ్చినా, ప్రీక్లినికల్ ల్యాబ్‌లో (పేషెంట్ల దగ్గరికి వెళ్లేముందు సాధన చేసే చోట) ఎండో, అంటే రూట్ కెనాల్, ఎక్సర్‌సైజులు మొదలైన రెండో రోజుకే ఈ ప్రశ్న నా దగ్గరికి వచ్చేస్తుంది. పరీక్షల ముందు ఫోన్ చేసి అడిగేదీ ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చాను. ఇక మొత్తం పని ఒకచోట రాసి పెడుతున్నాను. పన్ను పై సెంట్రల్ ఇన్సైజర్ (పై దవడ ముందు పన్ను), ఫైళ్లు (కెనాల్ గోడ గీరే సన్నని పనిముట్లు) చేతి ఫైళ్లు, పద్ధతి స్టెప్‌బ్యాక్, అంటే కొస వరకు ఒక సైజు దాకా పెంచి, ఆపై పెద్ద ఫైళ్లను ఒక్కో మిల్లీమీటర్ తక్కువ లోతుకు దించుతూ రావడం. లెంగ్త్, లేదా వర్కింగ్ లెంగ్త్, అంటే ఫైల్ దిగాల్సిన లోతు. ఇది వచ్చాక మిగతా పద్ధతులు పట్టుకోవడం తేలిక.

చెయ్యి తిరగక కెనాల్ పాడైన సందర్భాలు నేను తక్కువే చూశాను. ఎక్కువగా పాడయ్యేది ఒక ఫైల్‌కీ ఇంకో ఫైల్‌కీ మధ్య చేయాల్సిన పని వదిలేయడం వల్ల. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీయకపోతే ఏమవుతుందో ఊళ్లో పెరిగినవాళ్లకు తెలుసు, ఆయకట్టు చివరి పొలానికి నీళ్లు అందవు. పంటి కాలువలో కూడా ఫైల్ గోడను గీరిన ప్రతిసారీ డెంటిన్ (ఎనామెల్ కింద ఉండే పంటి పదార్థం) పొడి రాలుతుంది. అది తడితో కలిసి ముద్దయి చివరి రెండు మిల్లీమీటర్లలో కూరుకుంటుంది. దాని మీద పెద్ద ఫైల్‌తో నొక్కారంటే అక్కడ గట్టిపడిపోతుంది. పై ప్రశ్న అడిగిన పదిమందిలో ఎక్కువమందికి జరిగింది ఇదే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పన్ను: వేరు నిటారుగా ఉండాలి, కొస పూర్తిగా ఏర్పడి ఉండాలి, పగుళ్లు ఉండకూడదు. దొరికిన పన్నల్లా తీసుకోకండి. వేరు కొసలోంచి 40 ఫైల్ సులువుగా బయటికి వచ్చేస్తే ఆ పన్ను ఈ ఎక్సర్‌సైజుకు పనికిరాదు, పక్కన పెట్టండి. పీకిన పన్ను కూడా ఇన్‌ఫెక్షన్ మోసుకొచ్చే వస్తువే. అమాల్గం ఫిల్లింగ్ లేని పంటిని ఆటోక్లేవ్‌లో 40 నిమిషాలు ఉంచాలి. అమాల్గం ఉంటే మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, వేడికి పాదరసం ఆవిరి వస్తుంది. అలాంటి పంటిని 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచుతారు. ఆ తర్వాత పని మొదలయ్యే వరకు సెలైన్‌లో తడిగానే ఉంచండి. ఎండిన పన్ను బర్ తగలగానే పగులుతుంది.

ఫైళ్లు: 25 మిల్లీమీటర్ల పొడవున్న కె-ఫైళ్లు, 10 నుంచి 60 సైజు వరకు (సైజు అంటే కొస వెడల్పు, మిల్లీమీటర్‌లో నూరో వంతుల్లో). రంగులు నోటికి రావాలి: 10 ఊదా, 15 తెలుపు, 20 పసుపు, 25 ఎరుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు, మళ్లీ 45 తెలుపుతో మొదలు. ఈ రెండు తెలుపుల దగ్గరే తికమక. 15 అనుకుని 45 తోసిన విద్యార్థులు ప్రతి ఏడాదీ ఉంటారు. హ్యాండిల్ మీద అంకె చదివి గానీ ఫైల్ చేతిలోకి తీసుకోవద్దు.

బర్లు (డ్రిల్ మొనలు): రౌండ్ బర్ నంబర్ 2 లేదా 4, కొస కోయని టేపర్డ్ బర్ ఒకటి, గేట్స్ గ్లిడెన్ (కెనాల్ పై భాగం వెడల్పు చేసే డ్రిల్) 2, 3 నంబర్లు.

కడగడానికి: 3 శాతం సోడియం హైపోక్లోరైట్, 17 శాతం ఈడీటీఏ (డెంటిన్‌లోని కాల్షియంను కరిగించే ద్రావణం), సెలైన్. సిరంజి లూయర్ లాక్ ఉన్నది కావాలి, సూది 27 లేదా 30 గేజ్, పక్కన రంధ్రం ఉన్నది.

ఇవి కాక సిలికాన్ స్టాపర్లు (లోతు గుర్తుకు ఫైల్ మీద జరిపే బిళ్లలు), ఎండో బ్లాక్ లేదా స్టీల్ స్కేలు, డీజీ 16 ఎక్స్‌ప్లోరర్, పేపర్ పాయింట్లు, ఎక్స్‌రే ఫిల్మ్ లేదా సెన్సర్, కళ్లద్దాలు, గ్లోవ్స్. ఒక నోట్‌బుక్, పెన్ను కూడా. నోట్‌బుక్ ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.

1. మౌంట్ చేయకముందే ఒకసారి కొలవండి

క్లినిక్‌లో ఈ అవకాశం ఎప్పటికీ దొరకదు కాబట్టి ల్యాబ్‌లో వదులుకోవద్దు. ముందు రెండో మెట్టులో చెప్పిన యాక్సెస్ (కెనాల్‌లోకి దారి తెరవడం) పంటిని చేత్తో పట్టుకునే చేయండి. 10 ఫైల్‌ను మెల్లగా దించుతూ వేరు కొస దగ్గర కంటికి కనిపించగానే ఆపండి. స్టాపర్‌ను ఇన్సైజల్ అంచుకు (పంటి కొరికే అంచుకు) ఆనించి, ఫైల్ తీసి కొలవండి. అందులోంచి ఒక మిల్లీమీటర్ తీసేసి, ఆ అంకెను కాగితం మీద రాసి, మడిచి దాచేయండి. తర్వాత ఎక్స్‌రేతో మీరు కట్టే లెక్క దీనికి ఎంత దగ్గరగా వచ్చిందో అప్పుడు చూసుకోవచ్చు.

పంటిని ప్లాస్టర్ బ్లాక్‌లో మౌంట్ చేసేటప్పుడు వేరు కొసకు మైనం ముద్ద పెట్టడం మరవకండి. లేకపోతే ప్లాస్టర్ కెనాల్‌లోకి ఎక్కుతుంది, మీరు చేయని అడ్డంకితో మీరు కుస్తీ పడాలి. ప్లాస్టర్‌లో రంపం పొట్టు కలిపితే ఎక్స్‌రేలో వేరు శుభ్రంగా కనిపిస్తుంది. ఒట్టి ప్లాస్టర్ అయితే మసకగా వస్తుంది.

2. యాక్సెస్

పాలటల్ (అంగిలి) వైపు, సింగ్యులమ్‌కి (పంటి వెనక చిగురు దగ్గరి ఉబ్బుకి) కాస్త ఇన్సైజల్ వైపున, పంటి మధ్యలో మొదలుపెట్టండి. మొదట రౌండ్ బర్‌ను పాలటల్ ఉపరితలానికి నిలువుగా పట్టాలి. ఎనామెల్ దాటగానే బర్‌ను వేరు దిశకు తిప్పాలి. ఈ తిప్పడం మరిచిపోయి మొదటి కోణంలోనే దిగితే బర్ లేబియల్ (పెదవి వైపు) గోడను తొలిచేస్తుంది. పల్ప్ ఛాంబర్ (పంటి లోపలి గది) దొరకడం లేదని ఇంకా లోతుకు వెళితే ఆ గోడకు రంధ్రం పడటం ఖాయం. మూడు మిల్లీమీటర్లు దిగినా ఛాంబర్ తగలకపోతే ఆగండి, ఎక్స్‌రే మళ్లీ చూడండి, ఎక్స్‌ప్లోరర్‌తో వెతకండి. వయసు మీద పడినవాళ్ల పళ్లలో బర్ ఒక్కసారిగా లోపల పడినట్టు అనిపించే ఆ అనుభూతి ఉండకపోవచ్చు.

ఛాంబర్ తెరుచుకున్నాక కొస కోయని బర్‌తో త్రికోణం ఆకారం ఇవ్వండి, పీఠం ఇన్సైజల్ అంచు వైపు. మూలల్లో పల్ప్ హార్న్‌లు మిగలకూడదు, మిగిలితే తర్వాత పన్ను రంగు మారుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే 15 ఫైల్‌ను కెనాల్‌లో నిలబెట్టి పక్కనుంచి చూడండి. ఫైల్ ఎక్కడా వంగకుండా నిటారుగా ఉండాలి. అది లేబియల్ వైపుకు వాలి ఉంటే, సింగ్యులమ్ కింద డెంటిన్ గట్టు ఇంకా మిగిలి ఉంది, అదే ఫైల్‌ను తోస్తోంది. దీన్ని లింగ్వల్ షోల్డర్ అంటారు. లేబియల్ గోడ మీద పడే లెడ్జ్‌లలో (దారి తప్పిన ఫైల్ గోడలో కోసే మెట్లలో) చాలావాటికి బీజం ఇక్కడే పడుతుంది, బయటపడేది మాత్రం 35 దగ్గర.

3. పై భాగం ముందు వెడల్పు చేయండి

పుస్తకాల్లో సంప్రదాయ స్టెప్‌బ్యాక్‌లో ఇది చివర వస్తుంది. నేను మాత్రం ముందే చేయమంటాను. పై మూడో వంతు తెరుచుకుంటే ఫైల్ కొసకు చేరేలోపు గోడల్లో ఇరుక్కోదు, హైపోక్లోరైట్ లోపలికి దిగుతుంది, చివర ఏం జరుగుతోందో వేళ్లకు తెలుస్తుంది. ఇంకో కారణం ఉంది. పై భాగం తెరిచాక ఫైల్ దారి నిటారై వర్కింగ్ లెంగ్త్ కొంచెం తగ్గుతుంది. లెంగ్త్ ముందే తీసుకుని తర్వాత తెరిస్తే, పాత కొలతతో కొస దాటిపోతారు.

ముందు 10, తర్వాత 15 ఫైల్‌తో దారి ఉందని తెలుసుకోండి. కెనాల్ నిండా హైపోక్లోరైట్ ఉంచి, గేట్స్ గ్లిడెన్ 2 నంబర్‌ను పై భాగంలో మాత్రమే దించండి, తర్వాత 3. 2 నంబర్ వెడల్పు 0.7 మిల్లీమీటర్లు, 3 నంబర్ 0.9. నొక్కకండి. బయటికి తీసేటప్పుడు పాలటల్ గోడకు ఆనించి తీస్తే ఆ షోల్డర్ పోతుంది. తిరుగుతూ ఉండగానే లోపల పెట్టి, తిరుగుతూ ఉండగానే బయటికి తీయాలి. లోపల ఆపితే విరుగుతుంది. గేట్స్ గ్లిడెన్ విరిగితే సాధారణంగా హ్యాండ్‌పీస్ దగ్గరే కాడ విరిగేలా తయారుచేస్తారు, అయినా దాని మీద ధీమా పెట్టుకోవద్దు. ఇది లేకపోతే హెడ్‌స్ట్రోమ్ ఫైల్‌తో పైకి లాగుతూ తెరవొచ్చు. హెడ్‌స్ట్రోమ్‌ను ఎప్పుడూ తిప్పకండి, లాగడమే దాని పని.

4. వర్కింగ్ లెంగ్త్

ప్రీఆపరేటివ్ ఎక్స్‌రేలో పంటి పొడవు 23 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. పై సెంట్రల్ ఇన్సైజర్ సగటు పొడవు కూడా ఇంచుమించు అంతే. ఒకటి తీసేసి 22 దగ్గర స్టాపర్ పెట్టి, 15 లేదా 20 ఫైల్ కెనాల్‌లో ఉంచి ఎక్స్‌రే తీయండి. 10 ఫైల్ కొస ఎక్స్‌రేలో సరిగా కనిపించదు. ఫైల్ కొస నుంచి వేరు కొస వరకు ఇంకా 2 మిల్లీమీటర్లు ఉన్నట్టు కనిపిస్తే లెక్క ఇలా: 22 ప్లస్ 2, మైనస్ 1. అంటే 23. తేడా మూడు మిల్లీమీటర్ల దాకా ఉందంటే లెక్క కట్టి వదిలేయకండి, కొత్త కొలతతో ఇంకో ఎక్స్‌రే తీయండి.

ఏపెక్స్ లొకేటర్ (వేరు కొసను విద్యుత్తుతో గుర్తించే పరికరం) ఉంటే వేరును అల్జినేట్‌లో గుచ్చి, అందులోనే లిప్ క్లిప్ పెట్టి సాధన చేయొచ్చు. అల్జినేట్ తడిగా ఉండాలి. ఛాంబర్‌లో నీళ్లు పొంగుతూ ఉంటే రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది, ఛాంబర్‌ను దూదితో తుడిచి చూడండి.

ఇక నోట్‌బుక్. మూడు విషయాలు రాయాలి: లెంగ్త్ ఎంత, ఏ బిందువు నుంచి కొలిచారు, ఏ ఫైల్‌తో కొలిచారు. "23" అని మాత్రమే రాసుకున్న విద్యార్థి మర్నాడు ఇన్సైజల్ అంచు మీద ఇంకో చోట స్టాపర్ ఆనిస్తాడు, అర మిల్లీమీటర్ అక్కడే పోతుంది. అంచు విరిగి ఎగుడుదిగుడుగా ఉంటే ముందే డిస్క్‌తో చదును చేయండి. స్టాపర్ ఫైల్‌కు అడ్డంగా, వాలకుండా ఉండాలి.

ఇప్పుడు దాచిన కాగితం విప్పి చూడండి. అర మిల్లీమీటర్ లోపు తేడా ఉంటే ముందుకు వెళ్లండి. అంతకంటే ఎక్కువ ఉంటే తప్పు ఎక్కడుందో కనుక్కున్నాకే వెళ్లండి. చాలాసార్లు ఎక్స్‌రే కోణమే తప్పు అవుతుంది.

5. లెంగ్త్ వరకు వెళ్లి కొంచెం బిగిసే మొదటి ఫైల్

15, 20, 25 ఒక్కొక్కటిగా 23 వరకు పంపండి. లెంగ్త్ చేరి, బయటికి తీసేటప్పుడు కాస్త పట్టినట్టు అనిపించే మొదటి ఫైల్ ఏదో రాసుకోండి. మన ఉదాహరణలో 25 అనుకుందాం.

ఫైల్‌ను బొటనవేలు, చూపుడువేలి కొసల మధ్య చిటికెడు ఉప్పు పట్టినంత తేలికగా పట్టాలి. ఉంగరపు వేలు పక్క పంటి మీద గానీ బ్లాక్ మీద గానీ ఆనాలి. వేళ్ల కొసలు తెల్లబడుతున్నాయంటే మీరు బలం పెడుతున్నట్టే, అక్కడికి ఆపండి.

6. చివరి భాగం పెంచడం

మొదటి ఫైల్ 25 కాబట్టి 25, 30, 35, 40, ఇవన్నీ పూర్తి 23 మిల్లీమీటర్లకు. మొదట బిగిసిన ఫైల్ మీద మూడు సైజులు అన్నది మనం నేర్పే లెక్క. 40 ఇప్పుడు మీ మాస్టర్ ఏపికల్ ఫైల్, అంటే పూర్తి లెంగ్త్‌కి పంపే అన్నిటికంటే పెద్ద ఫైల్.

కదలిక: పాత చేతి గడియారానికి కీ ఇచ్చినట్టు అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుతూ దించండి. తర్వాత పావు మలుపు తిప్పి పైకి లాగండి. తీసిన ప్రతిసారీ ఫైల్‌ను తడి గాజ్‌తో తుడిచి, వెలుతురులో చూడండి. ఫైల్ అంటే తాడులా పురి పెట్టిన ఉక్కు తీగ. పురి ఒకచోట విప్పుకున్నట్టు గానీ, మరీ దగ్గరపడినట్టు గానీ, ఒక్కచోటే మెరుస్తున్నట్టు గానీ ఉంటే ఆ ఫైల్ షార్ప్స్ డబ్బాలోకి వెళ్లాలి.

ఈ విషయం నొక్కి చెప్పడానికి కారణం ఉంది. హౌస్‌సర్జన్సీలో ఒక పేషెంట్ కింది మోలార్ చేస్తూ 20 ఫైల్ పురి కాస్త సాగి ఉండటం చూశాను. ఇంకొక్కసారికి పనికొస్తుందిలే అనుకున్నాను. ఆ ఒక్కసారికే మూడు మిల్లీమీటర్ల ముక్క మీజియల్ (ముందు వైపు) కెనాల్‌లో ఉండిపోయింది. ఆ పెద్దాయనకు నిజం చెప్పి, పీజీ విభాగానికి పంపాల్సి వచ్చింది. "పోనీలే అమ్మా" అని ఆయన నన్నే ఓదార్చారు. అప్పటి నుంచి 20 కంటే చిన్న ఫైళ్లను ఒక కేసు దాటి వాడను, మీకూ అదే చెబుతున్నాను.

తర్వాతి సైజు లెంగ్త్‌కి పోకపోతే తోయకండి. ముందు ఫైల్ దగ్గరికి వెళ్లి, అది వదులుగా తిరిగే వరకు పని చేయండి. 10 నుంచి 15కి మారేటప్పుడు కొస వెడల్పు ఒక్కసారిగా సగం పెరుగుతుంది. 35 నుంచి 40కి అయితే ఏడో వంతే. కాబట్టి ఓపిక ఎక్కువ కావలసింది చిన్న ఫైళ్ల దగ్గర.

7. ప్రతి ఫైల్‌కీ మధ్య పూడిక తీయండి

దీనికి వేరే మెట్టు ఇవ్వడం అవసరం. నిజానికి ఆరో మెట్టులో ప్రతి ఫైల్ తర్వాతా, రాబోయే ఎనిమిదో మెట్టులో ప్రతి ఫైల్ తర్వాతా ఇది చేయాలి. వరస ఇది:

క. ఫైల్ తీయగానే కనీసం 2 మిల్లీలీటర్ల హైపోక్లోరైట్‌తో కడగండి.

ఖ. 15 ఫైల్‌ను పూర్తి 23కి పంపి, అక్కడ నాలుగైదు సార్లు మెల్లగా కదపండి. ఇది కోయడానికి కాదు, అడుగున చేరిన పొడిని కదపడానికి. దీన్నే రీక్యాపిచ్యులేషన్ అంటారు.

గ. మళ్లీ కడగండి. కదిలిన పొడి బయటికి రావాలి కదా. చాలామంది ఖ చేసి గ వదిలేస్తారు, అలా చేస్తే కలిపిన బురదను మళ్లీ అక్కడే తేర్చినట్టవుతుంది.

సూదిని ముందే లెంగ్త్ కంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు తక్కువ దగ్గర వంచి గుర్తు పెట్టుకోండి. కెనాల్‌లో సూది ఎప్పుడూ వదులుగా ఉండాలి, పైకీ కిందికీ కదుపుతూ ఉండాలి. పిస్టన్‌ను చూపుడువేలితో నొక్కండి, బొటనవేలికి బలం ఎక్కువ. సూది బిగిసిన స్థితిలో తోస్తే హైపోక్లోరైట్ వేరు కొస దాటుతుంది. ఇక్కడ దాటితే మైనం తడుస్తుంది, అంతే. పేషెంట్‌లో దాటితే భరించలేని నొప్పి, నిమిషాల్లో ముఖం వాపు, చర్మం కింద నెత్తురు గడ్డలు. ఆ చేతి అలవాటు ఇక్కడే, ఈ పంటి దగ్గరే పడాలి.

హైపోక్లోరైట్ బట్టల మీద పడితే మచ్చ పోదు, కంట్లో పడితే చాలా ప్రమాదం. అద్దాలు లేకుండా సిరంజి పట్టుకోనివ్వను. పడితే వెంటనే ధారగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మొత్తం పంటికి ఇలా ఎనిమిది, తొమ్మిది సార్లు చేయాలి. అదనంగా పావుగంట పడుతుంది. పోయిన లెంగ్త్ కోసం వెతకడానికి ఒక మధ్యాహ్నం పోతుంది.

8. స్టెప్‌బ్యాక్

45 ఫైల్ 22కి, 50 ఫైల్ 21కి, 55 ఫైల్ 20కి, 60 ఫైల్ 19కి. ప్రతిదాని తర్వాత ఏడో మెట్టు, చివర 40 ఫైల్‌ను మళ్లీ 23కి పంపి గోడలు నున్నగా కలపండి. స్టాపర్లు నాలుగు ఫైళ్లకూ ముందే కొలిచి, వరసగా స్పాంజికి గుచ్చుకోండి. మధ్యలో కొలవడం మొదలుపెడితే తప్పుతారు.

మిల్లీమీటర్‌కు ఒక సైజు చొప్పున వెనక్కి వస్తే మిల్లీమీటర్‌కు 0.05 వెడల్పు పెరుగుతుంది, అంటే 5 శాతం టేపర్. ఫైల్‌కు ఉండేది 2 శాతమే. ఆ తేడా స్ప్రెడర్ (ఫిల్లింగ్‌ను పక్కకు నొక్కే పనిముట్టు) దిగడానికి, సీలర్ (ఫిల్లింగ్‌ను అంటించే ముద్ద) పట్టడానికి చోటు.

55 దగ్గర చెయ్యి అలసిపోతుంది, సరిగ్గా అప్పుడే విద్యార్థులు రీక్యాపిచ్యులేషన్ వదిలేస్తారు. అలసటగా ఉంటే పంటిని తడి దూదిలో పెట్టి పది నిమిషాలు లేచి తిరిగి రండి.

9. చివరి కడుగు

17 శాతం ఈడీటీఏ ఒక నిమిషం. ఎక్కువసేపు ఉంటే ఇంకా శుభ్రం అవుతుందని పది నిమిషాలు ఉంచకండి, డెంటిన్ కరిగి గోడ దెబ్బతింటుంది. తర్వాత మళ్లీ హైపోక్లోరైట్, ఆపైన సెలైన్, పేపర్ పాయింట్లతో ఆరబెట్టడం. క్లోర్‌హెక్సిడిన్ వాడాలనుకుంటే మధ్యలో సెలైన్‌తో బాగా కడగాలి. హైపోక్లోరైట్‌తో నేరుగా కలిస్తే ఇటుక రంగు మడ్డి ఏర్పడి గోడలకు అంటుకుంటుంది.

లెంగ్త్ ఇప్పటికే పోయిందా?

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. ముందు అడ్డుపడింది పొడా, లెడ్జా అన్నది తేల్చాలి. 10 ఫైల్ పెట్టి చూడండి. కొస మెత్తగా, తడి ఇసుకలో పుల్ల గుచ్చినట్టు కొంచెం కొంచెం దిగుతూ ఆగుతుంటే పొడి. గోడకు తగిలినట్టు టక్కున ఆగి, ఎన్నిసార్లు పెట్టినా అదే చోట ఆగుతుంటే లెడ్జ్.

పొడి అయితే కెనాల్ నిండా ఈడీటీఏ గానీ హైపోక్లోరైట్ గానీ ఉంచి, కొస కాస్త వంచిన 10 ఫైల్‌తో చిన్నచిన్నగా పొడుస్తూ కదపండి. అర మిల్లీమీటర్ దిగగానే కడగండి, మళ్లీ మొదలు. పావుగంట పడుతుంది, మధ్యలో ఫైల్ సైజు పెంచి తోయాలనిపిస్తుంది. పెంచవద్దు.

లెడ్జ్ అయితే కొత్త 10 ఫైల్ తీసుకుని చివరి 2, 3 మిల్లీమీటర్లను ట్వీజర్‌తో గట్టిగానే వంచండి. స్టాపర్ కొన ఆ వంపు వైపు పెట్టుకోండి, లోపల వంపు ఎటుందో తెలియాలి. లేబియల్ గోడ మీద మెట్టు అయితే కొసను పాలటల్ వైపు ఉంచి దించండి. ఆగితే కొంచెం పైకి లేపి, కొద్దిగా దిశ మార్చి మళ్లీ దించండి. ఒక్కసారి జారి లోపలికి పడితే వెంటనే బయటికి తీయకండి, అందరూ చేసే తప్పు అదే. మెట్టు దాటిన కొసతో అక్కడే ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడించి, అంచు నున్నబడ్డాక తీయండి. ఆపైన 15ను అదే వంపుతో.

వంపు తిరిగిన కెనాల్‌లో ఫైల్‌ను వంచకుండా తిప్పితే కొస దగ్గర కన్నీటి బొట్టు ఆకారంలో చీలుతుంది, అది జిప్. దాన్ని వెనక్కి తేలేం. కాబట్టి అలాంటి కెనాల్‌లో ప్రతి ఫైల్‌నూ ముందే వంచాలి, లెంగ్త్ దగ్గర గుండ్రంగా తిప్పకూడదు.

అయిందో లేదో ఎలా చూసుకోవాలి

40 ఫైల్ దాని బరువుతోనే దిగినట్టు 23కి చేరి, అక్కడ మెల్లగా నొక్కినా దాటకపోవాలి. తర్వాత 35, 30తో కూడా చూడండి. 30 జారుకుంటూ కొస దాటిపోతే మీకు ఏపికల్ స్టాప్ (కొస దగ్గర ఫైల్‌ను ఆపే గట్టు) లేదు. లెంగ్త్ అర మిల్లీమీటర్ తగ్గించి, ఇంకో సైజు పెంచి కొత్త స్టాప్ చేయాలి.

స్ప్రెడర్‌ను ఖాళీ కెనాల్‌లో దించితే లెంగ్త్‌కి ఒక మిల్లీమీటర్ దూరం వరకు వెళ్లాలి. 40 గట్టా పెర్చా (కెనాల్ నింపే పదార్థం) కోన్ 23కి చేరి, లాగితే కాస్త పట్టు చూపాలి. ఫైల్ తీసినప్పుడు తెల్లని పొడి వస్తే పని పూర్తయినట్టు అని పాతరోజుల్లో చెప్పేవారు. దాన్ని నమ్మకండి, ఒక గోడను మాత్రమే గీరినా తెల్లపొడి వస్తుంది.

ఎక్స్‌రే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయండి. పక్క నుంచి తీసే వీలు ల్యాబ్‌లో తప్ప ఉండదు. లేబియల్ వైపు జరిగిన తప్పులు ముందు ఎక్స్‌రేలో కనిపించవు.

మోలార్‌కు మారినప్పుడు రెండు జాగ్రత్తలు. కింది మోలార్ మీజియల్ వేరులో డిస్టల్ (వెనక వైపు) గోడ పలచన, దాన్ని గీరకుండా ఫైల్‌ను మీజియల్ వైపు ఆనించి లాగండి. స్టెప్‌బ్యాక్ అర మిల్లీమీటర్ చొప్పున చేయండి. రోటరీ నికెల్ టైటానియం ఫైళ్లు వాడేచోట కూడా ముందు చేతి ఫైల్ 15 లెంగ్త్ వరకు వదులుగా తిరిగాకే మోటార్ పెట్టాలి. ఏడో మెట్టు అక్కడా మారదు.

పీజీలకు, ట్యూటర్లకు ఒక మాట

ఇరవై మందిని చుట్టూ నిలబెట్టి డెమో చేస్తే ముందు వరసలో ఉన్న నలుగురికే కనిపిస్తుంది. ఐదారుగురి చొప్పున చూపించండి. సంతకం పన్ను పూర్తయ్యాక కాకుండా యాక్సెస్, లెంగ్త్, మాస్టర్ ఫైల్ దగ్గర విడివిడిగా పెట్టండి. మాస్టర్ ఫైల్ సంతకానికి వచ్చిన విద్యార్థిని "40 పెట్టు" అనకండి, "15 పెట్టు" అనండి. అది 23కి చేరితేనే సంతకం. నేను ఈ ఒక్క మార్పు చేశాక ల్యాబ్‌లో పోయే లెంగ్త్‌లు బాగా తగ్గాయి.

పంటిని చీల్చి చూడండి

దీనికోసం పని మొదలుపెట్టే ముందే యాక్సెస్ తర్వాత కెనాల్‌లో నల్లని డ్రాయింగ్ ఇంకు నింపి, ఒక రోజు ఆరనివ్వాలి. మామూలు పెన్ను ఇంకు హైపోక్లోరైట్‌కు తెల్లబడిపోతుంది. ప్రిపరేషన్ అయ్యాక పంటిని బ్లాక్‌లోంచి తీసి, లేబియల్ వైపు ఒకటి, పాలటల్ వైపు ఒకటి డైమండ్ డిస్క్‌తో నిలువు గాడి కోయండి, కెనాల్‌లోకి మాత్రం దిగకూడదు. గాడిలో ప్లాస్టర్ కత్తి మొన పెట్టి తిప్పితే పన్ను రెండు చెక్కలవుతుంది.

కిందటి బ్యాచ్‌లో ఒకమ్మాయి పన్ను ఇలా చీల్చాం. ఎక్స్‌రేలో నిండుగా, అందంగా ఉంది, మార్కులు కూడా బాగానే పడ్డాయి. చీల్చాక చూస్తే సింగ్యులమ్ కింద పాలటల్ గోడ మీద గోరంత పొడవున ఇంకు అలాగే ఉంది. దానికి ఎదురుగా లేబియల్ గోడ మీద, కొసకు నాలుగు మిల్లీమీటర్ల పైన, తెల్లగా చిన్న మెట్టు. ఆ అమ్మాయి చెక్కను లూప్స్ కింద పెట్టుకుని చాలాసేపు చూసింది. "షోల్డర్ తీసేసి ఉంటే ఈ మెట్టు పడేది కాదు కదా మేడమ్" అని పక్కనున్న పీజీని అడిగింది. నిజమే.

ఎంత బాగా చేసినా కొంత ఇంకు మిగులుతుంది. మైక్రో సీటీ పరీక్షల్లో ఏ ఫైల్ వ్యవస్థ వాడినా కెనాల్ గోడల్లో కొంత భాగాన్ని ఫైల్ తాకనేలేదని తేలింది. ఆ చోట్లకు వెళ్లేది కడిగే మందు ఒక్కటే. చెక్కలను ఆరబెట్టి, మీ నోట్‌బుక్‌లో ఆ పంటి లెక్క రాసిన పేజీలోనే టేపుతో అంటించండి. ఇంకు మిగిలిన చోటు పక్కన ఏ మెట్టులో పొరపాటు జరిగిందో రాయండి.

తర్వాతి పన్ను పై కెనైన్ తీసుకోండి. దాని సగటు పొడవు 26 మిల్లీమీటర్లు దాటుతుంది, 25 మిల్లీమీటర్ల పొడవున్న ఫైల్ చాలదు. 31 మిల్లీమీటర్ల సెట్ ముందే అడిగి తెచ్చుకోండి.